పాట నడిస్తే... అక్షరం నడవాలి!

రాత్రి రెండున్నర. మా ఇంట్లో 'లక్ష్మి' ముక్కలైపోయింది!

కంగారుపడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. ముక్కలైంది కంప్యూటర్ తెరమీద నేను టైపు చేసిన మాట. 'ల' ఎడమవైపు నుంచి ఎగురుకుంటూ వచ్చింది. దాని వెనకాలే 'క్' ఒంటరిగా దిగింది. 'ష్' గిరికీలు కొడుతూ పైకి పోయింది. మిగిలిన 'మి' ఎటు పోవాలో తెలియక నడిమధ్యలో వేలాడింది. చూస్తే నాలుగు రోజుల్లో అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. ఆ రోజు ఇంటిల్లిపాదీ కలిసి పాడాల్సిన హారతి పాటలో మొట్టమొదటి మాటే అది!

ప్రతి ఆదివారం ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు, కంప్యూటర్‌తో నా స్నేహం అంతంతమాత్రమని. మరి ఈ తలనొప్పి ఎందుకు తెచ్చిపెట్టుకున్నానంటారా? అంతా ఒక్క ఫోనుతో మొదలైంది.

తరానికో చరణం

న్యూజెర్సీ నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, అమ్మమ్మ హారతి పాట మా పిల్లకి నేర్పుదామంటే నాకే రెండో చరణం దాటి రావట్లేదురా. యూట్యూబ్‌లో సినిమా పాటలకి వస్తాయి చూడు... పాట నడుస్తుంటే మాటలు కూడా కదులుతూ... అలాంటిదొకటి చేసిపెట్టు. పుట్టినరోజునాడు మేం వీడియో కాల్‌లో ఉంటాం. అందరం కలిసి పాడదాం" అంది.

ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. కాపురానికొచ్చిన కొత్తల్లో అమ్మమ్మ వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకుంది. ఆవిడ వాళ్ల అత్తగారి దగ్గర. పెళ్లిళ్లకీ, శ్రావణ శుక్రవారాలకీ, ఎవరింట్లోనైనా సత్యనారాయణస్వామి వ్రతం జరిగితే అక్కడా... హారతి పళ్లెం పైకి లేచిందంటే అమ్మమ్మ గొంతు కూడా లేవాల్సిందే. మొత్తం నాలుగు చరణాలు. అమ్మమ్మకి నాలుగూ వచ్చు. మా అమ్మకి మూడు. అక్కకి ఒకటిన్నర. నాకు పల్లవి. లెక్క మీకే అర్థమై ఉంటుంది. తరానికో చరణం రాలిపోతోంది!

కిందటి దసరాకి వంటింట్లో కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుంచాం. నాలుగు నిమిషాల పది సెకన్లు. పాట చేతిలో ఉంది, అమ్మ దగ్గర కూర్చుని మాటలు రాసుకుంటే సరి, వాటిని తెరమీద కదిలించడమెంతసేపు? రెండు గంటల పని అనుకున్నా. అక్కడే పప్పులో కాలేశా.

కుక్కర్ కూతకు గంతులు!

పాటతోపాటు మాటలు కదిలే ఈ వీడియోల్నే 'లిరికల్ వీడియో' అంటారని ఇప్పుడు పిల్లల్ని అడిగినా చెబుతారు. సినిమా విడుదలకు నెలల ముందే పాట వచ్చేస్తుంది. అప్పటికి చూపించడానికి బొమ్మ ఉండదు, లేదా చూపించడం ఇష్టం ఉండదు. అందుకే హీరోగారి ఫొటోలు నాలుగు, వాటి చుట్టూ ఎగిరే మాటలు. ఆ ఎగరడం చూసి నేనూ ముచ్చటపడ్డా. అక్షరాలు బంతుల్లా గెంతాలి, అలల్లా ఊగాలి, దరువు పడ్డప్పుడల్లా ఉబ్బి తగ్గాలి అనుకున్నా.

నేను వాడిన సాఫ్ట్‌వేర్‌లో దానికో ఏర్పాటు ఉంది. పాటలో శబ్దం ఏ క్షణంలో ఎంత హెచ్చిందో, ఎంత తగ్గిందో కొలిచి అంకెలుగా మార్చేస్తుంది. ఆ అంకెల్ని అక్షరాల సైజుకి ముడిపెడితే చాలు. గట్టిగా వినిపించినచోట అక్షరం పెద్దదవుతుంది, మెల్లగా పాడినచోట చిన్నదవుతుంది. మనం వేలు కదపక్కర్లేదు. ఆహా, ఇంత సులువా అనుకుంటూ ముడిపెట్టి మీట నొక్కా.

మొదటి చరణం బాగానే సాగింది. రెండో చరణం మధ్యలో ఉన్నట్టుండి అక్షరాలన్నీ ఒక్కసారి తెర పగిలేంతగా ఉబ్బి గంతేశాయి. అమ్మమ్మ అక్కడ గొంతు పెంచలేదే! మళ్లీ విన్నా. అప్పుడు తెలిసింది... వెనకాల కుక్కర్ కూత వేసింది. సాఫ్ట్‌వేర్‌కి ఏం తెలుసు పాపం! దానికి కావాల్సింది శబ్దం. అది అమ్మమ్మదా, కందిపప్పుదా అన్నది దానికి అనవసరం.

మర్నాడు మా ఆఫీసులో వీడియోలు కూర్చే కుర్రాడికి చూపించా. వాడు పడీ పడీ నవ్వి, చివరికి ఒక్క మాటన్నాడు. "అన్నా, మీరు పాట వినమని కంప్యూటర్‌కి చెప్పారు. వినాల్సింది మీరు."

మీట మీద తాళం

వాడు చెప్పిన పద్ధతి చాలా పాతది, చాలా మామూలుది. పాటని టైమ్‌లైన్ మీద పరిస్తే దాని శబ్దం కొండలూ లోయలూ ఉన్న గీతలా కనిపిస్తుంది. దాన్ని చూస్తూ కాదు, వింటూ ఉండాలి. మాట మొదలైన ప్రతిచోటా ఒక మీట నొక్కాలి. ప్రీమియర్ ప్రోలోనూ, డావిన్చీ రిజాల్వ్‌లోనూ అయితే 'ఎం' మీట. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అయితే కీబోర్డు కుడిపక్కన అంకెల దగ్గరుండే నక్షత్రం గుర్తు. నొక్కినచోటల్లా 'మార్కర్' అని ఓ చిన్న గుర్తు పడుతుంది. భజనలో చప్పట్లు కొట్టడం వచ్చినవాళ్లెవరికైనా ఈ పని వచ్చేసినట్టే.

తర్వాతది 'కీఫ్రేమ్'. పేరు విని బెదరక్కర్లేదు. ఫలానా క్షణంలో అక్షరం ఇక్కడుండాలి, ఫలానా క్షణానికి అక్కడికి చేరాలి అని రెండు గుర్తులు పెడతాం. మధ్యలో ప్రయాణం సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఆ ప్రయాణం అంతా ఒకే వేగంతో ఉంటే మరబొమ్మలా ఉంటుంది. మంచి డ్రైవరు బస్సు నడిపినట్టు మెల్లగా కదిలి, వేగం అందుకుని, ఆగేముందు మళ్లీ నెమ్మదిస్తేనే కంటికి ఇంపు.

డప్పో డ్రమ్మో ఉన్న పాటకైతే లెక్క ఇంకా సులువు. కాకపోతే అందులోనూ ఓ తిరకాసు ఉంది. నిమిషానికి 120 దరువులు పడే పాటలో దరువుకీ దరువుకీ మధ్య అర సెకను. మన టీవీ పద్ధతిలో సెకనుకి 25 ఫ్రేములు. అంటే దరువుకి పన్నెండున్నర ఫ్రేములు! అర ఫ్రేము ఎక్కడి నుంచి తెస్తాం? అందుకే ఒకసారి 12, ఒకసారి 13 చొప్పున సర్దుకోవాలి. సినిమా పద్ధతిలో సెకనుకి 24 ఫ్రేములు పెట్టుకుంటే అదే పాట సరిగ్గా 12కి కూర్చుంటుంది. నిమిషానికి 100 దరువుల పాటైతే 25 ఫ్రేముల పద్ధతిలో దరువుకి 15 ఫ్రేములు. చక్కగా సరిపోతుంది. లెక్కల మాస్టారు ఈ ఉదాహరణతో భిన్నాలు చెప్పి ఉంటే మా బ్యాచ్ మొత్తం నూటికి నూరు తెచ్చుకునేది!

అమ్మమ్మ పాటకి ఈ లెక్కలేవీ పనికిరాలేదు. ఆవిడ ఊపిరి తీసుకోవాల్సినచోట ఆగుతుంది. దేవుడి పేరు వస్తే కాస్త సాగదీస్తుంది. చరణం చివర హారతి పళ్లెం ఎవరికైనా అందించాలంటే ఇంకాస్త సాగదీస్తుంది. అందుకే మొత్తం పాటని మాట మాటకీ మీట నొక్కుకుంటూ వెళ్లా. అదయ్యేసరికి రాత్రి రెండున్నర. అప్పుడే 'లక్ష్మి' ముక్కలైంది.

రెండక్షరాల్లో ఏడు ముక్కలు

మనకి 'లక్ష్మి' రెండక్షరాలు. ఒకటి 'ల', రెండోది 'క్ష్మి'. కంప్యూటర్ లోపల మాత్రం అది ఏడు ముక్కలు! ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి... ఇలా యూనికోడ్ పద్ధతిలో ఒక్కోదానికీ ఒక్కో సంఖ్య ఉంటుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే ఆరు సంఖ్యలున్నాయి. ఆ ముక్కల్ని కలిపి, ఒత్తు కింద పెట్టి, గుడి పైన పెట్టి మనకు చూపించడం సాఫ్ట్‌వేర్ బాధ్యత.

ఇంగ్లిషులో ఒక అక్షరానికి ఒక ముక్క. వాటిని విడివిడిగా ఎగరేసినా చెడిపోయేదేమీ లేదు. అదే సూత్రం తెలుగుకి వర్తింపజేస్తే ఒత్తు ఓ మూలకీ గుడి ఓ మూలకీ పోతాయి. మన భాషల కోసం విడిగా ఉన్న టెక్స్ట్ ఇంజిన్‌ని సెట్టింగుల్లోకి వెళ్లి ఎంచుకుంటే మాటలు సరిగ్గా కనిపించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. కానీ అక్షరం అక్షరం విడగొట్టి ఎగరేయాలనుకుంటే మళ్లీ అనుమానమే. చాలాకాలం మన డీటీపీ సెంటర్లూ ఎడిటింగ్ గదులూ అను ఫాంట్లతోనో, మాటల్ని బొమ్మలుగా మార్చుకునో నెట్టుకొచ్చింది ఈ ఇబ్బంది వల్లే.

మన సినిమా పాటల లిరికల్ వీడియోలు చాలావాటిలో తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కనిపించడం మీరు గమనించే ఉంటారు. చూసేవాళ్లలో తెలుగు చదవడం రానివాళ్లూ ఉంటారు కదా అన్నది ఒక కారణం కావచ్చు. ఈ ఒత్తుల తంటా ఇంకో కారణం కావచ్చు. నాకూ ఓ క్షణం ఆ బుద్ధి పుట్టింది. అక్క కూతురికి ఎలాగూ తెలుగు చదవడం రాదు, ఇంగ్లిషులో కొట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. కానీ అమ్మమ్మకి ఇంగ్లిషు రాదే! తన పాట తను చదవలేని పుట్టినరోజు ఏం పుట్టినరోజు?

కర్ర చివర బంతి

పాటతోపాటు అక్షరాన్ని నడిపించాలన్న ఆశ కంప్యూటర్లతో పుట్టింది కాదు. దానికి వందేళ్లున్నాయి. 1920లలో అమెరికాలో ఫ్లైషర్ సోదరులు సినిమా హాళ్లలో ప్రేక్షకులతో కలిసి పాడించేందుకు చిన్న చిన్న కార్టూన్లు తీశారు. తెరమీద పాట మాటలుంటాయి. వాటిమీద ఓ తెల్ల బంతి ఎగురుతూ వెళుతుంది. బంతి ఏ మాట మీద వాలితే హాలంతా ఆ మాట పాడాలి. ఆ బంతి బొమ్మ గీసింది కాదు. పొడుగాటి కర్ర చివర మెరిసే బంతి ఒకటి తగిలించి, పాట వింటూ ఓ మనిషి చేత్తో ఆడించేవాడు. కర్ర కనపడకుండా ఉండే ఫిల్ముమీద దాన్ని చిత్రీకరించేవారు. అంటే అప్పుడు కూడా పాట విన్నది మనిషే!

ఆ తర్వాత అక్షరం సొంతంగా నడక నేర్చుకుంది. 1959లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా 'నార్త్ బై నార్త్‌వెస్ట్' పేర్లలో సాల్ బాస్ అక్షరాల్ని భవనం గోడమీద లిఫ్టుల్లా ఎక్కించి దించాడు. 1965లో బాబ్ డిలాన్ లండన్‌లో ఓ సందులో నిలబడి, తన పాటలో మాటలు రాసిన అట్టల్ని ఒక్కొక్కటే చూపించి పారేస్తుంటే సినిమా తీశారు. ఒక్క అట్టా ఎగరలేదు, ఊగలేదు. అయినా ఇప్పటికీ జనం చూస్తున్నారు. 1971లో జపాన్‌లోని కోబేలో డైసుకే ఇనోవే కరవోకే యంత్రం తయారుచేసినప్పుడు పాటల మాటలు పుస్తకంలో ఉండేవి. 1980లలో వీడియో డిస్కులొచ్చాక మాటలు తెరమీదికి ఎక్కి, పాటతోపాటు రంగు మారడం మొదలైంది.

అక్షరం నిలబడితే కదరా!

మూడో రోజుకి ఎలాగోలా ఒత్తుల్ని అతికించి, మాటకి మాట ఎగిరేలా చేసి, అమ్మమ్మని పిలిచి కూర్చోబెట్టా. పుట్టినరోజుకి ముందే చూపించకూడదని అమ్మ కేకలేసింది కానీ నాకు ఆగలేదు. మెచ్చుకోలు కోసం మనసు పీకుతోంది మరి!

అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. పాట మొదలైంది. మాటలు గెంతుతూ వచ్చాయి, గిర్రున తిరిగాయి, పొగలా మాయమయ్యాయి. పాట అయిపోయింది. ఆవిడ మాట్లాడలేదు.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"బాగానే ఉంది నాన్నా. దీపావళి మతాబాల్లా ఉంది. కానీ అక్షరం నిలబడితే కదరా నేను చదివేది!"

అమ్మమ్మ చదివింది రెండో తరగతి. పేపరు చదువుతుంది కానీ కూడబలుక్కుని చదువుతుంది. ఒక్కో అక్షరం మీదా చూపు ఆనించి, పెదాలు కదుపుతూ. ఆవిడ 'ల' దగ్గర ఉండగానే నా 'లక్ష్మి' తెరమీంచి వెళ్లిపోయేది. తన పాట తనకు వినిపిస్తోంది కానీ తన పాట తను చదవలేకపోతోంది. మూడు రాత్రులు నేను పడ్డ కష్టం ఎవరి కోసమో ఆ ఒక్క మాటతో మళ్లీ మొదటికొచ్చింది.

ఆవిడే ఇంకో మాట కూడా అంది. "ఇదివరకు చిత్రలహరిలో కింద అక్షరాలొచ్చేవి చూడు... పాడుతుంటే రంగు మారేవి. అలా పెట్టకూడదూ?"

చిత్రలహరి! దూరదర్శన్ రోజులు గుర్తున్నవాళ్లకి ఆ పేరు చాలు. కానీ ఆ అక్షరాల వెనక ఒక కథ ఉందని నాకు తర్వాతే తెలిసింది. 1996లో అమెరికాలో చదువుకుంటున్న బ్రిజ్ కొఠారీ మిత్రులతో కలిసి ఓ స్పానిష్ సినిమా చూస్తున్నారు. కింద ఇంగ్లిషులో మాటలొస్తున్నాయి. స్పానిష్ నేర్చుకుంటున్న తమకు స్పానిష్ మాటలే స్పానిష్‌లో కనిపిస్తే ఎంత బాగుండేదో అనిపించింది. అక్కడి నుంచి ఆలోచన మన దేశానికి మళ్లింది. సినిమా పాటంటే ప్రాణం పెట్టే దేశం మనది. బడికి వెళ్లినా చదవడం సరిగ్గా రానివాళ్లు కోట్లమంది. మరి పాట వస్తున్నప్పుడు అదే భాషలో మాటలు కింద వేసి, గాయకుడు ఏ మాట పాడుతుంటే ఆ మాట రంగు మారిస్తే? తర్వాత ఆయన అహ్మదాబాద్ ఐఐఎంలో అధ్యాపకుడిగా చేరారు. 1999లో గుజరాతీ పాటలతో దూరదర్శన్‌లో ఇది మొదలైంది. 2002లో 'చిత్రహార్'కి వెళ్లింది. ఆ తర్వాత తెలుగు చిత్రలహరి సహా ఇతర భాషలకూ వచ్చింది.

దీని కిటుకు చాలా సులువు. పాట ముందే నోటికి వచ్చు. తర్వాత ఏ మాట వస్తుందో చెవికి తెలుసు. కంటికి కావాల్సిందల్లా ఆ మాట ఎలా ఉంటుందో చూపించే సాయం. మాట రంగు మారగానే చెవీ కన్నూ ఒకేచోట కలుసుకుంటాయి. చదువుతున్నామన్న సంగతి తెలియకుండానే చదివేస్తాం. వారం వారం అదే పని. ఇక్కడ అక్షరం గెంతితే మొత్తం వ్యవహారం చెడిపోతుంది.

గురువులూ లఘువులూ

గంతులన్నీ తీసేశా. ఈసారి రెండే రెండు పొరలు. అడుగున తెల్ల అక్షరాలతో పాట పాదం. దానిమీద సరిగ్గా అదే పాదం పసుపు రంగులో. పసుపు పొరని మొదట పూర్తిగా కప్పేసి, పాటతోపాటు ఎడమ నుంచి కుడికి తెర తీసినట్టు తీసుకుంటూ వెళ్లాలి. చూసేవాళ్లకి తెల్ల అక్షరంలోకి పసుపు నిండుతున్నట్టు ఉంటుంది. దీంట్లో గొప్ప సుఖం ఏమిటంటే అక్షరాన్ని విడగొట్టే పనే లేదు. ఒత్తు ఒత్తుగానే, గుడి గుడిగానే ఉంటాయి. ఈ సౌకర్యం లేని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాదాపు ఉండదు.

ఆ తెర ఎంత వేగంతో తీయాలి? ఇక్కడ నన్ను ఆదుకున్నది తొమ్మిదో తరగతి తెలుగు మాస్టారు. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి. దీర్ఘమైనా, సున్నా ఉన్నా, తర్వాత సంయుక్తాక్షరమో ద్విత్వాక్షరమో వచ్చినా గురువు. పరీక్షల కోసం పద్యాల నెత్తిన యూలూ ఐలూ వేసిన చెయ్యే కదా! అమ్మమ్మ పాట కాగితం మీద రాసుకుని గురులఘువులు గుర్తించా. గురువు దగ్గర పసుపు నెమ్మదిగా, లఘువు దగ్గర చురుగ్గా. ఆ తర్వాత విని, ఆవిడ సాగదీసినచోట నేనూ సాగదీశా. పని సగానికి సగం తగ్గింది.

మీరూ ఇలాంటిదేదైనా చేయాలనుకుంటే నా పాట్లన్నీ పడక్కర్లేదు. నాలుగు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు.

* పాదం పాట కంటే ఒక ఊపిరి ముందే తెరమీదికి రావాలి. ఇప్పటి పాదం కింద రాబోయే పాదాన్ని కూడా మసగ్గా చూపిస్తే పాడేవాళ్లకు తడబాటుండదు.

* రంగు మాత్రం మాటతో సరిగ్గా కలవాలి. కుదరకపోతే ఓ ఫ్రేము ముందున్నా ఫర్వాలేదు, వెనకబడకూడదు. చెరువుగట్టు మీంచి చూస్తే అవతల రేవులో బట్ట బండకేసి కొట్టడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపించదూ? కంటికి ఆ వరస అలవాటే. చప్పుడు ముందొస్తేనే ఇబ్బంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మనిషి పసిగడతాడనీ, వెనకబడితే మాత్రం 125 దాకా తెలియదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు. మన టీవీ పద్ధతిలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు.

* తెరమీద ఒకేసారి రెండు పాదాలు చాలు. అక్షరం పెద్దది, వెనక బొమ్మ నెమ్మదైనది. పూల బొమ్మల మీద పూల రంగు అక్షరాలు వద్దు.

* ఎగరేయాలని మనసైతే పల్లవి మొదటి మాటకో, చివరి 'మంగళం'కో ఒక్కసారి ఎగరేయండి. అన్ని మాటలూ ఎగిరితే ఏదీ ఎగరనట్టే.

తాళం తప్పలేదు... మాట తప్పింది

పుట్టినరోజు ముందురోజు రాత్రి మళ్లీ అమ్మమ్మని కూర్చోబెట్టా. ఈసారి ఆవిడ పెదాలు కదిలాయి. పసుపు రంగు ఏ అక్షరంలో ఉంటే చూపు అక్కడే ఉంది. తన గొంతు వెంట తనే నడుస్తోంది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. కుక్కర్ కూత వేసింది, అక్షరాలు కదల్లేదు. నాకు ప్రాణం కుదుటపడింది.

మూడో చరణంలో ఉన్నట్టుండి "ఆపు" అంది.

ఆపా.

"మె... ట్ల... వెం... ట" అని కూడబలుక్కుని చదివింది. నా మొహం వంక చూసింది. "మెట్లవెంట ఏమిట్రా? మెట్లెక్కడివి?"

అదేంటి... చిన్నప్పటి నుంచీ మేం పాడేది అదే కదా! మెట్లవెంట దీపాలు. గుడి మెట్ల మీద వరసగా దీపాలు పెట్టినట్టు, లక్ష్మీదేవి దిగి వస్తున్నట్టు ఊహించుకునేవాణ్ని కూడా. అమ్మని పిలిచి అడిగా. "మెట్లవెంటే కదా?" అంది అమ్మ. న్యూజెర్సీకి ఫోన్ చేశా. "మెట్లవెంటేరా, ఎందుకూ?" అంది అక్క.

అమ్మమ్మ నవ్వింది. "మెట్టినింట! మెట్టినింట దీపం. అత్తారింటికొచ్చిన పిల్ల పెట్టే దీపం. మా అత్తగారు నాకు నేర్పిందే అందుకు కదే" అంది అమ్మ వైపు తిరిగి.

అమ్మ ముక్కున వేలేసుకుంది. "యాభై ఏళ్లుగా మెట్లమీదే పెడుతున్నానన్నమాట!"

రికార్డింగ్ మళ్లీ విన్నాం. నిజమే, మెట్టినింటే. ఒకసారి తెలిశాక ఇంకోలా వినిపించడమే లేదు. నాకు మాత్రం ఆశ్చర్యం మరోచోట. కాగితం తీసి చూసుకున్నా. 'మెట్లవెంట'... గురువు, లఘువు, గురువు, లఘువు. 'మెట్టినింట'... గురువు, లఘువు, గురువు, లఘువు. అచ్చంగా ఒక్కటే నడక! నా మార్కర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క ఫ్రేము కూడా తేడా లేదు. తాళం తప్పి ఉంటే నేనే పట్టుకునేవాణ్ని. మాట తప్పింది కాబట్టి చదివితే తప్ప తెలియలేదు. ఇప్పుడు పాట వినిపిస్తే మాటలు తనే రాసిపెట్టే కంప్యూటర్ సదుపాయాలు కూడా వచ్చాయి. కానీ అది కాదు ఇది అని చెప్పడానికి ఆ పాట పాడుకుంటూ బతికిన మనిషి కావాలి. ఆ మనిషి చదవగలిగేలా అక్షరం నిలబడాలి. ఎగిరే అక్షరాలతోనే పుట్టినరోజు కానిచ్చేసి ఉంటే, ఆ వీడియో ఫోన్ ఫోనుకీ తిరిగి, తప్పు మాటే మా ఇంటి పాటగా స్థిరపడిపోయేది.

నాలుగక్షరాలు మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. మార్కర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తాతమ్మా... అంటే ఏంటి?

పుట్టినరోజునాడు మళ్లీ ఓ గండం. టీవీలో వీడియో, శబ్దం కోసం బ్లూటూత్ స్పీకరు. పాట మొదలవగానే అక్షరాలు ముందు పరుగెడుతున్నాయి, పాట వెనకాల ఆయాసపడుతూ వస్తోంది. గాలిలో వెళ్లే బ్లూటూత్ శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుందన్న సంగతి ఆ కంగారులో ఆలస్యంగానే వెలిగింది. తీగ పెట్టి స్పీకరు కలిపాక దారిలో పడింది.

హారతి వెలిగింది. పాతికమంది ఒకే గొంతుతో పాడారని చెబితే అబద్ధమవుతుంది. మావయ్య ఎప్పట్లాగే ఓ మాట వెనక. పిన్ని ఓ మాట ముందు. కానీ నాలుగో చరణం దాకా ఎవరూ ఆగలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. వీడియో కాల్‌లో అక్క పక్కన వాళ్ల ఏడేళ్ల పిల్ల పసుపు రంగు వెంట వేలు కదుపుతూ కూర్చుంది. తెలుగు చదవడం రాదు కదా అనుకున్నానా... పల్లవి నాలుగోసారి వచ్చేసరికి 'ల' కనిపించగానే ముందే నోరు తెరుస్తోంది.

పాట అయిపోయింది. అందరూ హారతి కళ్లకద్దుకుంటున్నారు. ఫోన్‌లోంచి ఆ పిల్ల గొంతు వినిపించింది.

"తాతమ్మా... మెట్టినింట అంటే ఏంటి?"

అమ్మమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫోన్ తనవైపు తిప్పమంది. "అదా... నాకు పదహారేళ్లప్పుడు..." అంటూ మొదలుపెట్టింది.

నేను టీవీ కట్టేశా.